వ్యాపారంలో సబ్ర్

సహనం అనగానే మనకు జబ్బు, మరణం, కష్టకాలం గుర్తుకొస్తాయి. కాని 'సబ్ర్' అనే అరబీ పదానికి మూలార్థం ఆపడం, అదుపులో ఉంచడం. మనసు తొందరపెట్టినప్పుడు చేతిని ఆపుకోవడం కూడా సబ్రే. నమాజు, ఉపవాసాలకు ఇదెంత అవసరమో బజారుకూ అంతే అవసరం.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) హిజ్రత్ చేసి మదీనా చేరినప్పుడు, అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దువా చేసి, బజారుకు దారి చూపమన్నారంతే. పనీరు, నెయ్యి బేరంతో మొదలుపెట్టి రోజూ బజారుకు వెళ్ళారు. కాలక్రమంలో గొప్ప సంపన్నులయ్యారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

చెట్టు మీది పండు పక్వానికొచ్చే సూచన కనబడేవరకు అమ్మవద్దని మహాప్రవక్త (సఅసం) వారించారు. అల్లాహ్ ఆ పంటను ఆపేస్తే, కొన్నవాని సొమ్ము తినే హక్కు అమ్మినవానికి ఎక్కడిది? మన ప్రాంతంలో మామిడి తోటను పూత మీదే గుత్తకిచ్చే అలవాటుంది. గాలివాన వస్తే కొన్నవాడు మునుగుతాడు. తన దగ్గర లేని సరుకును అమ్మవద్దని కూడా ప్రవక్త (సఅసం) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు ఉపదేశించారు.

ఈనాడు అదే తొందర సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. వనస్థలిపురమైనా, దిల్‌సుఖ్‌నగరైనా, ఇంట్లో కూర్చునే షేర్ల ధర మీద పందెంలా 'ఆప్షన్స్' కొనవచ్చు. ఫలితమేమిటి? సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1992లోనే ఆప్షన్ ఒప్పందాలు ధర్మసమ్మతం కావని తీర్మానించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. "సహనం పడితే పోయింది తిరిగొస్తుంది" అని కొందరు నష్టం మీద నష్టం పెంచుకుంటారు. అది సబ్ర్ కాదు, దురాశ. నిషిద్ధమైన దానిలో ఎంతకాలం ఓర్చుకున్నా అది హలాల్ కాదు. అక్కడ చేతిని ఆపుకోవడమే సబ్ర్.

మరి హలాల్ వ్యాపారం చేసే కంపెనీలో వాటా కొనడం? షరతులతో అనేకమంది ఉలమా దాన్ని అనుమతించారు. కాని అందులోనూ క్రమశిక్షణ కావాలి. మన హైదరాబాదు కంపెనీ సత్యం లెక్కల మోసం 2009 జనవరి 7న బయటపడింది. ఆ ఒక్కరోజులోనే వాటా ధర దాదాపు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడిపోయింది. ఉన్నదంతా అందులోనే పెట్టినవారిని ఓర్పు ఒక్కటే కాపాడలేదు. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (సఅసం) బోధ.

కాబట్టి అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టకండి. పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు, జకాత్ సొమ్ము ముట్టకండి. తెలియని వ్యాపారంలో దిగకండి. ఉన్నదంతా ఒకేచోట పెట్టకండి. భార్యాబిడ్డలకు లెక్క చెప్పలేని బేరం చేయకండి. తీర్పుదినాన ప్రతి పైసా ఎలా సంపాదించావు, ఎక్కడ ఖర్చు చేశావు అని అడగడం జరుగుతుంది.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, అందులో శుభాన్ని, దానికి తగిన సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.