షుగరు ఉన్న పెద్దలు – కరోనా

2020లో కరోనా మన దేశానికి వచ్చింది. ఎందరినో బలి తీసుకుంది. ఇప్పుడు ఆ తీవ్రత లేదు. కానీ ఆ జబ్బు పూర్తిగా పోలేదు.

చాలామందికి జ్వరం, దగ్గు వచ్చి తగ్గిపోతాయి. అరవై ఏళ్లు దాటినవారికి, షుగరు ఉన్నవారికి జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. ఎందుకు? వయసు మీద పడితే రోగంతో పోరాడే శక్తి తగ్గుతుంది. రక్తంలో చక్కెర పెరిగితే ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. జ్వరం వస్తే చక్కెర మరింత పెరుగుతుంది.

"జ్వరంగా ఉంది. ముద్ద దిగడం లేదు. ఇక షుగరు బిళ్ల ఎందుకే?" అంటుంది అత్త. చాలా ఇళ్లలో వినపడే మాటే ఇది. బిళ్ల మానేస్తే చక్కెర పెరుగుతుంది. తిండి లేకుండా మింగితే పడిపోవచ్చు కూడా. "సొంతంగా మానకూడదు అత్తయ్యా. డాక్టరమ్మను అడుగుదాం పదండి" అనాలి కోడలు.

2021లో కొందరు కరోనా రోగులకు బ్లాక్ ఫంగస్ సోకింది. వారిలో చాలామందికి షుగరు ఉంది. స్టెరాయిడ్ మందులు చక్కెరను పెంచుతాయి. అవి అతిగా వాడటమూ ఒక కారణం. అందుకే డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో మందులు కొని మింగకూడదు.

ఇంట్లో జలుబు, దగ్గు ఉన్నవారు పెద్దల దగ్గరకు పోకూడదు. తప్పనిసరైతే మాస్కు కట్టుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి.

ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా, మనిషి మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఆ తొందర ప్రాణం కాపాడవచ్చు.

ఆలోచించండి: మీ ఇంట్లో షుగరు ఉన్నవారు ఎవరు? వారు బిళ్లలు వేళకు వేసుకుంటున్నారా? ఆసుపత్రి ఎంత దూరం?