ఐన్‌స్టీన్ అనే ఇంటిపేరు

సైన్సు గ్రూపు చదివిన వారికే కాదు, పదవ తరగతితో చదువు ఆపేసిన వారికి కూడా ఐన్‌స్టీన్ తెలుసు. హాస్టల్లో ఎవరైనా తమ్ముడు లెక్క తొందరగా చేసేస్తే "ఏరా ఐన్‌స్టీన్" అని పిలవడం మనకు మామూలే. కానీ అది ఆయన పేరు కాదు, ఇంటిపేరు. పేరు ఆల్బర్ట్. మనం ఇంటిపేరు ముందు పెట్టి అసలు పేరు తర్వాత చెబుతాం. జర్మనులు అసలు పేరు ముందు చెప్పి ఇంటిపేరు చివర పెడతారు. ఇంకొక మాట, వాళ్లు పలికేది కూడా ఐన్‌స్టీన్ అని కాదు, "ఐన్‌ష్టైన్" అని. మనకు పాఠ్యపుస్తకంలో అలవాటైన మాటనే ఇక్కడ రాస్తున్నాము.

ఒక మహానుభావుడి జీవిత చరిత్ర రాయడం మా ఉద్దేశం కాదు. అవి గ్రంథాలయంలో చాలానే ఉన్నాయి. ఆ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, దాన్ని మోసినవారు జర్మనీలో ఇంత తక్కువగా ఎందుకున్నారు అన్నదే మా ప్రశ్న. మేము, అంటే మా ఇళ్లలో మొట్టమొదట డిగ్రీ పట్టా చేతబట్టిన వాళ్లం, ఇంటిపేర్ల గురించి ఎందుకు పట్టించుకున్నామో ఈ సంచిక చదివేవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఊళ్లో అయినా, పట్నంలో అద్దె గది అడగబోయినా, పేరు చెప్పిన తర్వాత వచ్చే రెండో ప్రశ్న ఏమిటో, అది ఎందుకు వస్తుందో మనందరికీ తెలిసిందే.

ముందు జర్మన్ ఇంటిపేర్ల సంగతి కొంచెం చూద్దాం. పాతకాలంలో అక్కడ మనిషికి ఒక్క పేరే ఉండేది. 12వ శతాబ్దం నుంచి పట్టణాలు పెరిగి, ఒకే పేరుగలవారు ఎక్కువయ్యేసరికి రెండో పేరు అవసరమైంది. కొందరికి తండ్రి పేరు, కొందరికి ఊరి పేరు, ఇంటి పక్కనున్న వాగు పేరు, ఒంటి రంగు, ఎత్తు, ఇలా ఏదో ఒకటి అతుక్కుంది. అన్నిటికంటే ఎక్కువగా అతుక్కున్నది చేతిపని. అందుకే ఈనాటికీ జర్మనీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్. అంటే పిండిమర నడిపేవాడు. తర్వాతివి ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్. వరుసగా కమ్మరి, దర్జీ, చేపలు పట్టేవాడు, నేతపనివాడు. సోషియాలజీ వారు చదివే మాక్స్ వేబర్ ఇంటిపేరుకు అర్థం నేతగాడు. ఎకనామిక్స్ వారు చదివే షూమాకర్, కార్ల పందేలలో పేరుపొందిన షూమాకర్, ఇద్దరి ఇంటిపేరూ చెప్పులు కుట్టేవాడనే. ఆ మాట చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ తల వంచుకోరు. మన దగ్గర అదే పని పేరు ఒక మనిషి మీద ఎలా పడుతుందో తెలిసినవాళ్లం కాబట్టి ఈ సంగతి దగ్గర మేము కాసేపు ఆగిపోయాము.

యూదుల సంగతి వేరు. జర్మన్ మాట్లాడే ప్రాంతాలలో చాలామంది యూదులకు 18వ శతాబ్దం చివరిదాకా స్థిరమైన ఇంటిపేరు లేదు. ఫలానావాడి కొడుకు ఫలానా అని చెప్పుకునేవారు. పన్నులకు, సైన్యానికి, దస్తావేజులకు ఇది కుదరదని ప్రభుత్వాలు చట్టాలు చేశాయి. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 1787లో, బాడెన్ రాజ్యం 1809లో, ప్రష్యా 1812లో, బవేరియా 1813లో, వుర్టెంబర్గ్ 1828లో యూదులు వంశపారంపర్యమైన ఇంటిపేరు పెట్టుకోవాలని ఆదేశించాయి. రాయి అనే అర్థమున్న "ష్టైన్", కొండ అనే అర్థమున్న "బెర్గ్" చివర వచ్చే పేర్లు అప్పట్లో చాలా పుట్టాయి. కాబట్టి ఐన్‌స్టీన్ కూడా ఆ ఉత్తర్వులలో పుట్టిన పేరే అనుకోవడం సహజం.

కానీ కాదు. ఇది వాటికంటే వందేళ్లకు పైగా పాతది. జర్మనీ దక్షిణాన, ఉల్మ్ నగరానికి నైరుతిగా, ఫెడర్ సరస్సు పక్కన బుఖావ్ అనే చిన్న పట్టణముంది. 1665లో అక్కడ నివాసానికి అనుమతి పొందిన బారుఖ్ మోజెస్ ఐన్‌స్టీన్ అనే వ్యాపారి ఈ వంశానికి మూలపురుషుడు. బట్టలు, గుర్రాలు అమ్ముకునేవాడు. రికార్డులో పేరు మొదటి అక్షరం ఇప్పటిలా లేదు. ఆ రోజుల్లో రాసే గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. మన రేషను కార్డులో ఒకలా, పదవ తరగతి మెమోలో ఒకలా ఇంటిపేరు ఉండటం చూసిన వాళ్లకు ఇది వింతేమీ కాదు.

ఇక అర్థం. "ఐన్" అంటే ఒకటి, "ష్టైన్" అంటే రాయి, కాబట్టి "ఒక రాయి" అని సరదాగా చెబుతుంటారు. ఇంటిపేర్ల నిఘంటువులు చెప్పే వివరణ ఇది కాదు. పాత జర్మన్ భాషలో రాళ్లతో చుట్టూ కట్టడం, రాళ్లు పాతి హద్దు వేయడం అనే అర్థంలో ఒక క్రియ ఉండేది. అలా రాతిగోడ కట్టిన స్థలానికి వచ్చిన పేరు, అక్కడినుంచి వచ్చిన మనుషులకు ఇంటిపేరయిందని వాటి వివరణ. అంటే ముల్లర్ లాగా పని పేరు కాదు, స్థలం పేరు. మనలో ఊరి పేరునే ఇంటిపేరుగా గలవారు ఎందరో ఉన్నారు. ఇదీ అటువంటిదే.

ఒక చిన్న ఊళ్లో ఒక్క కుటుంబంతో మొదలైన పేరు కాబట్టి మొదటినుంచీ ఇది కొద్దిమందిదే. పైగా వాళ్లలో వాళ్లే ఇచ్చిపుచ్చుకోవడం వల్ల పేరు అక్కడక్కడే తిరిగింది. ఆల్బర్ట్ రెండో భార్య ఎల్సా పుట్టింటి పేరు కూడా ఐన్‌స్టీనే. మొదటి పెళ్లితో ఆమె లోవెన్‌తాల్ అయింది, 1919లో ఆల్బర్ట్‌ను చేసుకుని మళ్లీ ఐన్‌స్టీన్ అయింది. ఆమె తల్లి, ఆల్బర్ట్ తల్లి సొంత అక్కచెల్లెళ్లు. తండ్రులు కూడా దాయాదులే. మన వరుసల ప్రకారం ఎల్సా ఆయనకు పెద్దమ్మ కూతురు, అంటే అక్క. ఇంటిపేరు ఒకటి, పైగా అక్క వరుస! మన ఊళ్లో అయితే పంచాయతీ జరిగేది. అక్కడ దానికి అడ్డు లేదు.

19వ శతాబ్దం నడిమికి బుఖావ్‌లో దాదాపు మూడో వంతు జనం యూదులే. 1839లో కట్టిన వాళ్ల ప్రార్థనా మందిరానికి గంట కట్టిన గోపురం కూడా ఉండేది. యూదుల మందిరాలలో ఇది అరుదు. ఆ తర్వాత ఎక్కడైనా నివసించే హక్కు రావడంతో చదువు కోసం, వ్యాపారం కోసం చాలామంది ఉల్మ్‌కు, మ్యూనిక్‌కు, కొందరు ఓడలెక్కి అమెరికాకు తరలిపోయారు. ఆల్బర్ట్ తండ్రి హెర్మన్ 1847లో బుఖావ్‌లో పుట్టినవాడే. ఆల్బర్ట్ 1879లో ఉల్మ్‌లో పుట్టాడు. మరుసటి ఏడే కుటుంబం మ్యూనిక్ చేరింది. అక్కడ హెర్మన్, ఆయన తమ్ముడు యాకోబ్ కలిసి విద్యుత్ పరికరాల కర్మాగారం నడిపారు. ఈ యాకోబ్ కొడుకు పేరు రాబర్ట్. ఈ పేరును గుర్తుంచుకోండి.

ఇప్పుడు లెక్కల విషయానికి వద్దాం. ఒక ఇంటిపేరు ఎంతమందికి ఉందో జర్మనీలో ఎలా లెక్కిస్తారు? ఫ్రైబుర్గ్, మైన్జ్ విశ్వవిద్యాలయాల పండితులు కొన్రాడ్ కున్జె, దమారిస్ న్యూబ్లింగ్ నాయకత్వంలో జర్మన్ ఇంటిపేర్ల అట్లాసు 2009 నుంచి సంపుటాలుగా వెలువడింది. దానికి ఆధారం 2005 నాటి టెలిఫోన్ కనెక్షన్ల జాబితా. సెల్‌ఫోన్లు వచ్చాక ఇళ్లలో ఫోన్లు తగ్గిపోయాయి గనుక, ఆ తర్వాతి జాబితాలు అంత నమ్మకమైనవి కావు. ఆ జాబితాలో 2 కోట్ల 80 లక్షల దాకా కనెక్షన్లు, 8 లక్షలకు పైగా వేర్వేరు ఇంటిపేర్లు ఉన్నాయి. ముల్లర్ ఒక్కటే సుమారు రెండున్నర లక్షల కనెక్షన్లు. ఒక్కో కనెక్షన్ వెనుక ఇద్దరు ముగ్గురు మనుషులుంటారు కాబట్టి ఆ సంఖ్యను దాదాపు మూడుతో హెచ్చవేసి జనసంఖ్యను అంచనా కడతారు. ఇలాంటి లెక్కలో ఐన్‌స్టీన్ అట్టడుగున ఎక్కడో అరుదైన పేర్ల గుంపులో ఉంటుంది.

లెక్క తప్పు కాదు. కానీ టెలిఫోన్ జాబితా ఉన్నవాళ్లనే లెక్కపెడుతుంది, లేకుండా పోయినవాళ్లను లెక్కపెట్టదు. ఒక పేరు అరుదు కావడానికి ఎన్నో కారణాలుంటాయి. మొదట్లోనే కుటుంబం చిన్నది కావచ్చు, మగపిల్లలు లేకపోవచ్చు, రాతలో పేరు మారిపోవచ్చు. భాషాశాస్త్రం పుస్తకాలు ఇవన్నీ చెబుతాయి. ఈ పేరు విషయంలో వీటికంటే పెద్ద కారణం ఇంకొకటుంది.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చేనాటికి జర్మనీలో యూదులు 5 లక్షల పైచిలుకు. సగానికి పైగా దేశం విడిచిపోయారు. సుమారు 1,60,000 నుంచి 1,80,000 మంది జర్మన్ యూదులు చంపబడ్డారు. ఆల్బర్ట్ 1932 డిసెంబరులో వెళ్లినవాడు మళ్లీ జర్మనీలో కాలు పెట్టలేదు. మొట్సార్ట్ రచనల పట్టికను సవరించి ప్రచురించిన సంగీత చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ ఐన్‌స్టీన్ 1933లో వెళ్లిపోయాడు. ఆఫ్రికా శిల్పం గురించి యూరపులో మొదట రాసినవారిలో ఒకడైన కార్ల్ ఐన్‌స్టీన్, 1940లో జర్మన్ సైన్యం ఫ్రాన్సులోకి చొచ్చుకొచ్చినప్పుడు తప్పించుకునే దారి లేక ప్రాణం తీసుకున్నాడు. బుఖావ్ మందిరాన్ని 1938 నవంబరులో తగలబెట్టారు. అదే సంవత్సరం ఆగస్టులో ఇంకొక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ జాబితాలోని యూదు పేర్లు లేని ప్రతి యూదు పురుషుడు తన పేరుకు "ఇజ్రాయెల్" అని, స్త్రీ అయితే "సారా" అని తగిలించుకోవాలి. 1939 జనవరి 1 నుంచి అమలు. 150 ఏళ్ల క్రితం ఇంటిపేరు పెట్టుకుని అందరిలో కలవమన్న చట్టాలకు ఇది సరిగ్గా తలకిందులు. పేరు వినగానే మనిషి ఎవరో తెలిసిపోవాలన్నదే దీని ఉద్దేశం.

ఇందాక గుర్తుంచుకోమన్న రాబర్ట్ ఇటలీలో స్థిరపడ్డాడు. భార్య నీనా మజ్జెట్టి ఇటలీ దేశస్థురాలు, యూదురాలు కాదు. వారికి లూచే, అన్నమరియా అని ఇద్దరు కూతుళ్లు. నీనా అన్న కూతుళ్లు, తల్లిలేని కవలలు లోరెంజా, పావోలా కూడా ఆ ఇంట్లోనే పెరిగారు. 1944 వేసవికి బ్రిటిషు, అమెరికా సైన్యాలు ఫ్లోరెన్స్ దగ్గరకు వచ్చేస్తున్నాయి. జర్మన్లు తన కోసం వెతుకుతున్నారని రాబర్ట్ అడవిలో దాక్కున్నాడు. ఆడవాళ్లను ఏమీ చేయరని అనుకున్నారు. ఆగస్టు 3న జర్మన్ సైనికులు ఫ్లోరెన్స్ సమీపంలోని ఆ ఇంటికి వచ్చారు. నీనాను, లూచేను, అన్నమరియాను కాల్చి చంపి ఇల్లు తగలబెట్టారు. అదే ఇంట్లో, అదే బల్ల మీద అన్నం తిన్న లోరెంజాను, పావోలాను వదిలేశారు. వాళ్ల ఇంటిపేరు మజ్జెట్టి.

అమెరికాలో ఉండి చేతికందని ఆల్బర్ట్ మీద పగను ఆయన పినతండ్రి కొడుకు ఇంటి మీద తీర్చుకున్నారని ఈ ఘటనను పరిశీలించినవారు చాలామంది భావిస్తారు. ఎవరికీ శిక్ష పడలేదు. రాబర్ట్ మరుసటి ఏడు జూలైలో ఆత్మహత్య చేసుకున్నాడు. లోరెంజా మజ్జెట్టి తర్వాత సినిమా దర్శకురాలై, ఈ కథను 1961లో నవలగా రాసింది. 2020లో కన్నుమూసింది.

పేరు పూర్తిగా మాసిపోలేదు. ఆల్బర్ట్ పెద్ద కొడుకు హాన్స్ ఆల్బర్ట్ అమెరికాలో హైడ్రాలిక్ ఇంజనీరుగా ప్రసిద్ధుడు. నదులు ఇసుకను ఎలా మోసుకుపోతాయో లెక్కగట్టే ఆయన 1950 నాటి సూత్రం సివిల్ ఇంజనీరింగు అన్నలకు తెలిసే ఉంటుంది. అమెరికాలోనే ఒక హాస్యనటుడి ఇంట 1947లో కొడుకు పుడితే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ అని పేరు పెట్టారు. పెద్దయి సినిమాల్లోకి వెళ్తూ ఆయన ఇంటిపేరు మార్చుకుని ఆల్బర్ట్ బ్రూక్స్ అయ్యాడు. ఆ పేరుతో హాస్యం పండించడం కష్టమే మరి!

బుఖావ్ శ్మశానంలో మాత్రం వరుసలు వరుసలుగా ఐన్‌స్టీన్‌ల సమాధిరాళ్లున్నాయి. ఆ ఊరికి చెందిన సీగ్‌బర్ట్ ఐన్‌స్టీన్ తెరేజియెన్‌ష్టాట్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి, యుద్ధం తర్వాత సొంత ఊరికే తిరిగివచ్చాడు. ఊరివాళ్లు ఆయనను ఉప మేయరును చేశారు. 1968లో చనిపోయాడు. ఆయనతో బుఖావ్‌లో యూదులు, ఐన్‌స్టీన్‌లు అయిపోయారు.