ఆస్పిరిన్ వాడేవారికి నొప్పి మాత్ర కావలసి వస్తే?

గుండె వాల్వ్ మార్పిడి తరువాత మా అమ్మకు రోజూ 75 మి.గ్రా. ఆస్పిరిన్ రాశారు. మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. మేముండే కిరుమాంబాక్కంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నా, నొప్పి మాత్ర చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. అందుకే ఈ సంగతులు తెలుసుకున్నాను.

ప్లేట్‌లెట్లు గుమిగూడి రక్తం గడ్డకట్టకుండా, ఆస్పిరిన్ వాటిలోని ఒక ఎంజైమును శాశ్వతంగా ఆపేస్తుంది. ప్లేట్‌లెట్ బతికే 7–10 రోజులూ ఆ ఫలితం ఉంటుంది. ఐబుప్రోఫెన్ ముందే వెళ్లి ఆ చోట కూర్చుంటే ఆస్పిరిన్‌కు చోటు దొరకదు. కొన్ని గంటల్లో ఐబుప్రోఫెన్ తప్పుకుంటుంది; అప్పటికి ఆస్పిరిన్ రక్తంలో మిగలదు. 2006లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ విషయమే హెచ్చరించింది.

డైక్లోఫెనాక్ వంటివి తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మెకానికల్ వాల్వ్ ఉండి వార్ఫరిన్ వాడేవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ.

గుర్తుంచుకోవలసినవి:

1. నొప్పికి సాధారణంగా పారాసెటమాల్ మేలు. వార్ఫరిన్ వాడేవారు అదీ రోజుల తరబడి వేసుకుంటే ఐఎన్ఆర్ పెరగవచ్చు, డాక్టరుకు చెప్పాలి.

2. అట్ట మీద మందుల పేర్లు చదవండి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కూడా ఉంది.

3. విరేచనం తారులా నల్లగా అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

4. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్ మానవద్దు.