రిమైండర్లు రాస్తూంటే గడువు ఆగుతుందా?

ప్రశ్న: మావారు తపాలా శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక నా కుటుంబ పింఛను తక్కువగా లెక్కగట్టారు. సరిచేయమని అర్జీ పెడితే పది నెలల క్రితం ‘కుదరదు’ అని ఉత్తరం వచ్చింది. తర్వాత మూడు రిమైండర్లు పంపాను, జవాబు లేదు. లాయరును పెట్టుకునే స్తోమత లేదు. ఇంకా ఆగవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆగకండమ్మా. రిమైండర్లు ఎన్ని రాసినా గడువు పెరగదు. 1989లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

కేంద్ర ఉద్యోగుల పింఛను తగాదాలు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. మీకు హైదరాబాదు బెంచి. తిరస్కరించిన ఉత్తర్వు నుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేయాలి. అంటే మీకు మిగిలింది రెండు నెలలే. (అర్జీకి అసలు జవాబే రాకపోతే ఆరు నెలలు చూసి, ఆపై ఏడాదిలోగా వేయాలి.)

లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫీజు 50 రూపాయలు. తిరస్కరణ ఉత్తరం, అది వచ్చిన కవరు, పింఛను ఉత్తర్వు, మీ అర్జీ నకళ్లు జతచేయండి. పోస్టులో పంపితే మాత్రం గడువుకు వారం ముందే పంపండి. మీరు పోస్టు చేసిన తేదీ కాదు, రిజిస్ట్రారు ఆఫీసుకు చేరిన తేదీయే లెక్క.

గడువు దాటితే కారణం చూపి, ఆలస్యాన్ని మన్నించమని విడిగా అర్జీ పెట్టాలి. నెలనెలా తక్కువగా వచ్చే పింఛను గనక తలుపు పూర్తిగా మూసుకుపోదు కానీ, పాత బకాయిలు సాధారణంగా మూడేళ్లకే ఇస్తారు.

ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది. దరఖాస్తు రాయడం తెలియకపోయినా, గడువు నెలలోపు ఉన్నా వెంటనే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.