చుట్టాల ఇంట కూడ దేవుని సన్నిధి

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 46:1–7, మార్కు 1:29–39, 2 రాజులు 20:1–7



సంక్రాంతికి, వేసవి సెలవులకు, క్రిస్మసుకు మనలో చాలామంది ఊరు వెళ్తాము. కూతురి పురుటికి, తమ్ముడి పెండ్లికి, మంచాన పడిన పెద్దమ్మను చూచుటకు వెళ్తాము. బట్టలు, పిల్లలకు తినుబండారాలు, పెట్టుబడి చీరెలు అన్నీ జాగ్రత్తగా సర్దుకొంటాము. అయితే రెండు మాత్రము తరచుగా ఇంటిలోనే ఉండిపోతాయి. ఒకటి బైబిలు, రెండవది మందుల సంచి. "నాలుగు రోజులే గదా" అనుకొంటాము. ఆ నాలుగు రోజులలో ప్రార్థన తప్పుతుంది, మాత్ర కూడ తప్పుతుంది. ఈ రెండింటిని గూర్చి వాక్యము వెలుగులో ఆలోచించుదము.

1. బయలుదేరినప్పుడు

యాకోబు తన కుమారుని చూచుటకు చేసిన ప్రయాణము మనకందరికి తెలిసినదే. యోసేపు 17 ఏండ్ల వాడై యుండగా ఇంటినుండి దూరమయ్యెను. చనిపోయెనని తండ్రి అనుకొన్నాడు. ఇరవై ఏండ్లు దాటిన తరువాత కుమారుడు బ్రదికి యున్నాడని కబురు వచ్చినది. అప్పటికి యాకోబు వయస్సు సుమారు 130 సంవత్సరములు. అటువంటి తండ్రికి ఎంత తొందర ఉండి యుండునో మనము ఊహించవచ్చును. ఎక్కి వెళ్లుటకు ఫరో పంపించిన బండ్లు కూడ సిద్ధముగా ఉన్నవి.

అయినను యాకోబు దారిలో బెయేర్షెబా దగ్గర ఆగి, తన తండ్రియైన ఇస్సాకు దేవునికి బలులు అర్పించెను. అక్కడనే ఎందుకు ఆగెను? ఆ చోట ఇస్సాకు పూర్వము బలిపీఠము కట్టెను (ఆది 26:25). అంతేకాదు, యాకోబు భయపడుటకు కారణమున్నది. తాత అబ్రాహాము కరవు కాలములో ఐగుప్తునకు వెళ్లి ఇబ్బందిలో పడెను. తండ్రి ఇస్సాకును ఐగుప్తునకు వెళ్లవద్దని దేవుడే ఆపెను. మరి తాను వెళ్లవచ్చునా? కుమారుని మీద ప్రేమ ఒక ప్రక్క, ఈ సందేహము మరియొక ప్రక్క. ఆ రాత్రి దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచి, భయపడవద్దని, తానును వెంట వచ్చెదనని, యోసేపు చేతులే అతని కన్నులు మూయునని చెప్పెను.

రెండు సంగతులు గమనించండి. యాకోబు ప్రార్థించెను గనుక బండ్లు అక్కర లేదనలేదు. బండ్లు ఉన్నవి గనుక ప్రార్థన అక్కర లేదని కూడ అనుకొనలేదు. మనము కూడ బస్సు ఎక్కక ముందు కుటుంబమంతా కలిసి ఐదు నిమిషములు మోకరించుదము. ఎవరిని చూడబోవుచున్నామో వారి పేర్లు చెప్పి ప్రార్థించుదము. ఆ వెంటనే మందుల సంచి కూడ చూచుకొందము.

2. చుట్టాల ఇంట

కపెర్నహూములో యేసు ప్రభువు సమాజమందిరమునుండి నేరుగా సీమోను, అంద్రెయల ఇంటికి వెళ్లెను. అక్కడ సీమోను అత్త జ్వరముతో పడియున్నది. ప్రభువు ఆమె చెయ్యి పట్టుకొని లేవనెత్తెను. జ్వరము వదలినది. సాయంకాలమునకు పట్టణమంతయు వాకిట కూడినది. చుట్టాల ఇంటిలో ఇంత సందడి ఉన్నప్పుడు ప్రార్థనకు సమయమెక్కడిది? మార్కు సువార్త చెప్పుచున్నది: మరునాడు ఇంకను చీకటి యుండగానే ఆయన లేచి, ఒంటరి స్థలమునకు వెళ్లి ప్రార్థన చేసెను.

చుట్టాల ఇంట మనకు వేరే గది ఉండదు. పదిమంది ఒకే హాలులో చాపలు వేసికొని పడుకొందురు. కాబట్టి అందరు లేవక ముందే డాబా మీదనో, పెరటిలోనో, బావి గట్టు మీదనో పది నిమిషములు చాలు. ఒక కీర్తన చదివి, ఆ ఇంటివారి కొరకు ప్రార్థించండి. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి. ఊరు మారినను దేవుడు మారడని వారు మాటలకంటె దీనివలన త్వరగా నేర్చుకొందురు.

మనలో అనేకుల బంధువులు క్రీస్తును ఎరుగని వారు. అక్కడ ప్రార్థన చేయుట ఎట్లు అని అడుగువారున్నారు. ఇల్లు వారిది గనుక వారిని నొప్పించునట్లు పెద్ద స్వరముతో చేయనవసరము లేదు. దాచుకొననవసరమును లేదు. వదినగారితో కలిసి కూరగాయలు తరుగుచు, అత్తగారి కాళ్లకు నూనె రాయుచు, అడిగినప్పుడు మన నిరీక్షణను మృదువుగా చెప్పవచ్చును. మనస్సాక్షి ఒప్పుకొనని దానిని వద్దని చెప్పవలసి వచ్చినప్పుడు కూడ, "అక్కా, నాకు అలవాటు లేదు, ఏమీ అనుకోవద్దు" అని ప్రేమతో చెప్పిన చాలును. పండుగ పూట వాదము పెట్టుకొనుటవలన ఎవరును ప్రభువును తెలిసికొనరు.

3. నమ్మిక అనగా మందు మానుట కాదు

ఇది మన ఆసుపత్రిలో మేము ఎక్కువగా చెప్పవలసి వచ్చుచున్న మాట. ప్రయాణములో మందులు ఆపి, "దేవుడు చూచుకొనును" అనుకొనువారు ఉన్నారు. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు, దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెదనని వాగ్దానము చేసెను. అయితే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించెను. వాగ్దానము ఇచ్చిన దేవుడే మందును కూడ వాడుకొనెను. పౌలుతో ప్రయాణము చేసిన లూకా వైద్యుడే.

కావున ఈ సంగతులు మరువకండి:

• వెళ్లే రోజులకంటె ఒక వారము ఎక్కువకు మందులు, డాక్టరుగారి చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకొనండి. బస్సు డిక్కీలో వేయవద్దు.

• బి.పి. మాత్రలు ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పెరిగి పక్షవాతము రావచ్చును. తలనొప్పి లేదు గనుక బి.పి. లేదు అనుకొనవద్దు.

• ఇన్సులిన్‌ను ఎండలోను, ఆగియున్న కారులోను ఉంచవద్దు. ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టు అరలో కూడ పెట్టవద్దు.

• షుగరు ఉన్నవారు ఉపవాస ప్రార్థనకు కూర్చుండక ముందు డాక్టరును అడుగవలెను. మందు వేసికొని భోజనము మానితే చక్కెర పడిపోవును. చెమట, వణుకు, తల తిరుగుట కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు త్రాగవలెను.

• మూర్ఛ మందు వాడువారికి మాత్ర తప్పినను, రాత్రంతా నిద్ర లేకపోయినను ఫిట్సు రావచ్చును. పెండ్లి ఇంటనైనను, రాత్రి కూడికలోనైనను కొంతసేపు తప్పక నిద్రపోవలెను.

• క్షయకు మందు వాడువారు బాగున్నదని మధ్యలో ఆపకూడదు. ఆపితే జబ్బు తిరుగబెట్టి, అవే మందులకు లొంగకపోవచ్చును.

• ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండు మోతాదులు కలిపి మింగవద్దు.

• పసిబిడ్డను ఎత్తుకొని ప్రార్థన చేయక ముందు సబ్బుతో చేతులు కడుగుకొనండి. దగ్గు, జలుబు ఉన్నవారు దూరమునుండే ప్రార్థించండి.

ఉదయము వాక్యము చదివినప్పుడు ఉదయపు మాత్ర, రాత్రి ప్రార్థనప్పుడు రాత్రి మాత్ర అని పెట్టుకొంటే రెండును తప్పవు. భోజనముతో వేసికొనవలసినవి మాత్రము డాక్టరు చెప్పిన వేళకే వేసికొనండి.

4. భారమైన మనస్సుతో తిరిగి వచ్చునప్పుడు

ఊరు వెళ్లి అందరము సంతోషముతోనే తిరిగి రాము. నాన్నగారు మునుపటికంటె నీరసించి కనబడుదురు. పొలము పంపకము గూర్చి మాటా మాటా పెరుగును. కూతురు తన కష్టము చెప్పక చెప్పును. మనము అక్కడ ఉండిపోలేము, వారిని వెంట తెచ్చుకొనలేము. అటువంటప్పుడు యాకోబుతో దేవుడు అన్నది జ్ఞాపకము చేసికొనండి. ప్రయాణము సులువుగా ఉండునని కాదు, తాను తోడు ఉండెదనని చెప్పెను. యాకోబు కరవులో పరదేశిగా వెళ్లినవాడే. అయినను ఫరో ఎదుట నిలిచి అతనిని దీవించెను (ఆది 47:7, 10). తరువాత 17 సంవత్సరములు కుమారుని దగ్గర బ్రదికెను.

చేయగలిగినది చేయుదము. నాన్నగారిని దగ్గరలోని ఆసుపత్రిలో చూపించుటకు తమ్మునితో మాట్లాడుదము. మాట తూలితే బస్సు ఎక్కక ముందే సమాధానపడుదము. కూతురి విషయము తేలికగా తీసికొనక, వారమునకు రెండుసార్లు ఫోను చేసి విందము. మన చేతిలో లేనిదానిని ప్రతి ఉదయము పేరు పేరున దేవుని చేతికి అప్పగించుదము.

కుటుంబములో మాట్లాడుకొనుటకు

1. బయలుదేరక ముందు మన ఇంట ప్రార్థన చేయు అలవాటు ఉన్నదా?
2. మన ఇంటిలో ఎవరెవరు ప్రతిదినము మందులు వాడుచున్నారు? ఊరిలో వారికి జ్ఞాపకము చేయువారు ఎవరు?
3. ఈసారి ఎవరితో సమాధానపడవలసి యున్నది?

ప్రార్థన: మా పితరుల దేవా, మేము విడిచి వెళ్లు ఇంటిని, మేము వెళ్లు ఇంటిని నీ చేతికి అప్పగించుచున్నాము. దారిలో మమ్మును కాపాడుము. నీవిచ్చిన మందులను కృతజ్ఞతతో వాడుకొను బుద్ధి దయచేయుము. మా వారికి మేము భారముగా కాక దీవెనగా ఉండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.