ప్రదక్షిణలు చేస్తున్నాం సరే... ఆకాశంలో గురువు ఎక్కడ?



నవగ్రహాల దగ్గర ప్రదక్షిణ చేస్తుంటే మా పాప అడిగింది, "అమ్మా, నిజం గురువు ఎక్కడుంటాడు?" అని. ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను కదా, పైకి వేలు పెట్టి చూపించలేకపోయాను. సిగ్గేసింది. మేముండేది మాదాపూర్‌లో. రాత్రయినా ఆఫీసుల లైట్లకి ఆకాశం బూడిద రంగులోనే ఉంటుంది.

అందుకే ఈ 2026 ఏప్రిల్‌లో పాపని నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లాను. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగాం. 1985లో ఎన్.టి.రామారావు గారు ప్రారంభించిన ప్లానెటేరియం ఇది. పక్కనే బిర్లా మందిర్, స్వామి దర్శనం కూడా అయింది.

ఇప్పుడు వసంతకాలపు ఆకాశం ఎలా చూడాలో చెప్తాను. రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం వైపు తిరగండి. గరిటె ఆకారంలో సప్తర్షి మండలం కనిపిస్తుంది. గరిటె కాడ వంపునే తూర్పుకి సాగదీస్తే నారింజ రంగులో స్వాతి, ఇంకా ముందుకెళ్తే తెల్లగా చిత్త. పౌర్ణమి నాడు చంద్రుడు ఆ చిత్త దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెల చైత్రం అయింది. పంచాంగంలో రోజూ చదివే పేర్లే ఇవి!

మరి గ్రహాలు? మిణుకుమిణుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. ఈ నెల పడమట పునర్వసు దగ్గర పెద్దగా వెలుగుతున్నవాడే గురువు. రాశిచక్రం చుట్టి రావడానికి ఆయనకి దాదాపు 12 ఏళ్లు, అంటే రాశికి ఇంచుమించు ఏడాది. 2015లో సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు జరిగాయి. ఇప్పుడు మిథునంలో ఉన్నాడు, కర్కాటకం దాటి మళ్లీ సింహంలో స్థిరపడేసరికి 2027. శనికి ఒక చుట్టు దాదాపు 29న్నర ఏళ్లు, రాశికి రెండున్నర. మూడు రాశులకి ఏడున్నర, అదే మనం భయపడే ఏలినాటి లెక్క! రాహుకేతువుల కోసం మాత్రం వెతక్కండి. చంద్రుడి దారి, సూర్యుడి దారి కలుసుకునే రెండు బిందువులవి, కంటికి కనపడవు.

ఆ రాత్రి మా మేడ మీద గురువు దొరికాడు, స్వాతి, చిత్త దొరికాయి. వశిష్ఠుడు లీలగా కనిపించాడు, పక్కన అరుంధతి మాత్రం ఆ లైట్లలో కనపడలేదు.

"మీ పెళ్లిలో నీకు కనిపించిందా అమ్మా?" అంది పాప.

మా ముహూర్తం పగలు పదిన్నరకి.