చిన్న కెమెరాకు చదువు చెప్పడం



సెల్‌ఫోన్‌తో ఆకును ఫోటో తీస్తే అది ఏ మొక్కో, దానికి వచ్చిన తెగులు ఏదో చెప్పే యాప్‌లు ఇప్పుడు అందరికీ తెలుసు. చాలా యాప్‌లలో ఆ ఫోటో నెట్ ద్వారా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకు పోతుంది. జవాబు అక్కడి నుంచి తిరిగి వస్తుంది. సిగ్నల్ లేని చేనులో ఆ పని ఆగిపోతుంది. మరి అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఒక కెమెరా, నెట్ లేకుండా, తన ముందున్నది ఏమిటో తానే చెప్పగలదా? చెప్పగలదు. అది ఎలా చెబుతుంది, దానికి చదువు చెప్పవలసింది ఎవరు అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కెమెరాలో ఏముంటుంది?

విద్యార్థులు ఎక్కువగా వాడే చిన్న కెమెరా బోర్డు పేరు ఈఎస్‌పీ32-క్యామ్. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఇందులో ఒక చిప్పు, ఒక చిన్న కెమెరా, రెండు రకాల మెమరీ ఉంటాయి. ఫ్లాష్ మెమరీ మన ట్రంకు పెట్టె లాంటిది. కరెంటు పోయినా అందులో పెట్టినవి అలాగే ఉంటాయి. దీని పరిమాణం 4 మెగాబైట్లు. ర్యామ్ అనేది పలక లాంటిది. లెక్క చేసేటప్పుడు రాసుకుని, తర్వాత తుడిచేస్తాం. చిప్పులోని ఈ పలక 520 కిలోబైట్లు మాత్రమే. పక్కన మరో 4 మెగాబైట్ల పలక ఉంటుంది కానీ దాని వేగం తక్కువ.

బొమ్మ అంటే అంకెలే

కెమెరాకు ఆకు కనబడదు, అంకెలు కనబడతాయి. ఫోటో అంటే చిన్న చిన్న గడుల వరుసలు. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. పూర్తి నలుపు అయితే 0, పూర్తి తెలుపు అయితే 255, మధ్య రంగులకు మధ్య అంకెలు. ఈ కెమెరా తీసే పెద్ద ఫోటోలో 1600 × 1200, అంటే 19,20,000 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కొక్క దానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు వేస్తే 57,60,000 బైట్లు అవుతాయి. మన రెండు పలకలలో ఏ ఒక్కదాని మీదా ఇది పట్టదు.

అందుకే ఫోటోను 96 × 96 పిక్సెళ్లకు తగ్గించి, రంగులు తీసివేసి, నలుపు తెలుపుల్లోకి మారుస్తారు. అప్పుడు 9,216 బైట్లు చాలు. ఇంత చిన్న ఫోటోలో కూడా మనిషి ఉన్నాడో లేడో మన కళ్లు గుర్తుపట్టగలవు. కెమెరా కూడా గుర్తుపట్టగలదు.

న్యూరల్ నెట్‌వర్క్ ఎలా పని చేస్తుంది?

ఒక చిన్న లెక్క చేద్దాం. ఫోటోలో 3 × 3 గడుల ముక్క తీసుకోండి. పై వరుసలోని అంకెలను +1తో, మధ్య వరుసను 0తో, కింది వరుసను -1తో గుణించి అన్నింటినీ కూడండి. పై వరుసలో 200, 200, 200; కింది వరుసలో 50, 50, 50 ఉంటే ఫలితం 600 - 150 = 450. ముక్క అంతా ఒకే రంగులో ఉంటే ఫలితం 0. అంటే ఈ తొమ్మిది అంకెల జల్లెడ, వెలుతురు మారే అడ్డగీత ఎక్కడ ఉందో పట్టుకుంటుంది.

ఈ జల్లెడను ఫోటో అంతటా జరుపుతూ పోవాలి. ఇలాంటి జల్లెళ్లు ఒకదాని కింద ఒకటి పొరలుగా ఉంటే అదే న్యూరల్ నెట్‌వర్క్. మొదటి పొర గీతలను, తర్వాతి పొర ఆకు అంచులను, ఆ తర్వాతిది ఆకు రూపాన్ని పట్టుకుంటాయి. చివరి పొర ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వాటా ఇస్తుంది. ఉదాహరణకు జొన్న 0.72, గునుగు 0.20, తుమ్మి 0.08. ఎక్కువ వాటా వచ్చిన పేరే జవాబు.

జల్లెడలోని +1, 0, -1 లాంటి అంకెలను మనం రాయం. పేర్లు రాసిన ఫోటోలను వేల సంఖ్యలో చూపిస్తాం. నెట్‌వర్క్ తప్పు చెప్పినప్పుడల్లా ఆ అంకెలు కొద్ది కొద్దిగా సవరించబడతాయి. ఈ నేర్పే పని పెద్ద కంప్యూటరులో జరుగుతుంది. నేర్చుకున్న అంకెలను మాత్రమే కెమెరాలోని ట్రంకు పెట్టెలో పెడతాం. చదువు పెద్ద కంప్యూటరులో, పరీక్ష చిన్న కెమెరాలో అన్నమాట.

పెద్దదాన్ని చిన్నదానిలో ఇమిడ్చేదెలా?

2012లో ఫోటోలను గుర్తించే పోటీలో గెలిచి పేరు పొందిన అలెక్స్‌నెట్‌లో సుమారు 6 కోట్ల అంకెలున్నాయి. ఒక్కొక్క అంకెకు 4 బైట్ల చొప్పున 240 మెగాబైట్లు కావాలి. మన పెట్టె 4 మెగాబైట్లే. అందుకు మూడు ఉపాయాలు ఉన్నాయి.

1) అంకెలను పొట్టివి చేయడం: దశాంశాలతో కూడిన 4 బైట్ల అంకెను, -128 నుంచి 127 వరకు ఉండే 1 బైటు అంకెగా మారుస్తారు. పరిమాణం నాలుగో వంతు అవుతుంది. సరిగ్గా చేస్తే జవాబుల నాణ్యత కొంచెమే తగ్గుతుంది.

2) జల్లెడను రెండుగా విడదీయడం: 64 పలకలు లోపలికి వచ్చి 64 పలకలు బయటికి పోయే పొరలో మామూలుగా 9 × 64 × 64 = 36,864 అంకెలు కావాలి. ముందు ఒక్కొక్క పలకకు విడిగా జల్లెడ పట్టి, తర్వాత పలకలను కలిపితే 576 + 4,096 = 4,672 అంకెలు చాలు. అంటే ఎనిమిదో వంతు. 2017లో గూగుల్ వారు ప్రకటించిన మొబైల్‌నెట్‌కు ఈ ఉపాయమే ఆధారం.

3) ప్రశ్నను చిన్నది చేయడం: వెయ్యి వస్తువులను గుర్తుపట్టమంటే పెద్ద నెట్‌వర్క్ కావాలి. "మనిషి ఉన్నాడా, లేడా?" అని మాత్రమే అడిగితే సుమారు 250 కిలోబైట్ల నెట్‌వర్క్ చాలు. టెన్సర్‌ఫ్లో లైట్ మైక్రో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇలాంటి ఉదాహరణ ఉంది.

పెట్టె సమస్య తీరినా పలక సమస్య మిగులుతుంది. మధ్య పొరలలో వచ్చే ఫలితాలన్నింటినీ పలక మీద రాసుకోవాలి కదా! ఈ విషయంలో మన దేశంలో మంచి పరిశోధన జరిగింది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా వారు 2020లో ఆర్ఎన్ఎన్‌పూల్ అనే పద్ధతిని ప్రకటించారు. ఫోటోలోని ఒక్కొక్క ముక్కను అడ్డంగా, నిలువుగా చదివి, దాని సారాంశాన్ని మొదట్లోనే రాసుకోవడం ఈ పద్ధతి. దీనివల్ల 256 కిలోబైట్ల లోపు ర్యామ్ ఉన్న చిప్పు కూడా ఫోటోలో ముఖాలు ఎక్కడున్నాయో కనిపెట్టగలిగింది.

మన జిల్లాలో ఏముంది?

ఈ చదువు మనకు దూరం కాదు. జహీరాబాదు నుంచి హైదరాబాదు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడ 2019లోనే కృత్రిమ మేధస్సులో బీటెక్ ప్రారంభించారు. ఇంకా ముందుకు పోతే పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ఉంది. ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, జర్మనీకి చెందిన పీట్ సంస్థ కలిసి, ఫోటో చూసి తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ యాప్‌ను 2017లో తెలుగులో తెచ్చాయి.

మన జహీరాబాదు ప్రాంతంలో కెమెరా చరిత్ర ఇంకా పాతది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు వీడియో కెమెరా పట్టి తమ చేల గురించి, విత్తనాల గురించి తామే సినిమాలు తీశారు. 2001లో వారి కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బడికి పోని తల్లులు కూడా కెమెరా నేర్చుకున్న నేల ఇది.

గునుగు: కలుపా, కూరా, పువ్వా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అమెరికాలో బ్లూ రివర్ టెక్నాలజీ అనే సంస్థ, కెమెరాతో చూసి కలుపు మొక్క మీద మాత్రమే మందు కొట్టే యంత్రాన్ని తయారు చేసింది. 2017లో ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ ఆ సంస్థను కొన్నది. మందు ఆదా అవుతుంది, మంచిదే. కానీ అలాంటి యంత్రానికి పంట, కలుపు అనే రెండు పేర్లే తెలుసు అనుకుందాం. దాన్ని మొగుడంపల్లి చెలకలో దింపితే ఏమవుతుంది?

జొన్న చేనులో గునుగు మొలుస్తుంది. వ్యవసాయ పుస్తకంలో అది కలుపు. మన ఇళ్లలో లేత గునుగు ఆకు కూర. బతుకమ్మ నాడు అదే గునుగు పువ్వు. తుమ్మికూర, గంగవాయిలి కూర, పొన్నగంటి కూర కూడా ఇంతే. ఎవరూ విత్తకుండా మొలిచే ఈ కూరలను మన తల్లులు కలుపు తీస్తూ ఒడిలో వేసుకుని ఇంటికి తెస్తారు. కొనలేని రోజుల్లో ఇంటిల్లిపాదికీ అవే బలం. రెండే పేర్లు నేర్చిన యంత్రం వీటన్నింటినీ కలుపు అని మందు కొడుతుంది. యంత్రం చెడ్డది కాదు. దానికి మూడో పేరు ఎవరూ చెప్పలేదు, అంతే.

కాబట్టి ఫోటోలకు పేర్లు రాసేవారే కెమెరాకు గురువులు. గునుగును ఏ వయసులో కూరగా కోస్తారో, ఎప్పుడు పువ్వుకు వదులుతారో తెలిసినవారు మన ఊళ్లలోనే ఉన్నారు. ఆ తెలివి ఏ పెద్ద కంప్యూటరుకూ పుట్టుకతో రాదు.

ప్రాజెక్టు చేసేవారికి సూచనలు

1) మూడు పేర్లతో మొదలు పెట్టండి: పంట, కూర, తీసేయవలసిన కలుపు. "ఏదీ కాదు" అని నాలుగో పేరు కూడా పెట్టండి. లేకపోతే చెప్పును చూపించినా ఆ మూడింటిలో ఏదో ఒకటి అంటుంది.

2) ఏది కూరో నిర్ణయించేటప్పుడు కలుపు తీసే పెద్దవారిని అడిగి పేరు రాయండి.

3) కూర ఫోటోలన్నీ ఎర్ర నేలలో, కలుపు ఫోటోలన్నీ నల్ల నేలలో తీయవద్దు. నెట్‌వర్క్ ఆకును వదిలి నేల రంగును నేర్చుకుంటుంది. ఉదయం, మధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు కూడా తీయండి.

4) ఒక చేను ఫోటోలతో నేర్పితే, వేరే చేను ఫోటోలతో పరీక్ష పెట్టండి. నోట్సులో ఉన్న ప్రశ్నలే పరీక్షలో ఇస్తే అసలు చదువు బయటపడదు.

5) మొత్తం మార్కులు చూసి మోసపోవద్దు. 100 ఫోటోలలో 90 పంటవే అయితే, అన్నింటికీ "పంట" అని చెప్పినా 90 మార్కులు వస్తాయి. కూరలు ఎన్నింటిలో ఎన్నింటిని గుర్తించిందో విడిగా లెక్కించండి.

6) వాటా 0.80 కంటే తక్కువ వస్తే "తెలియదు" అని చెప్పేలా ప్రోగ్రాము రాయండి. కూరను కలుపు అని పీకడం కంటే, మనిషిని పిలవడం మేలు.

7) చేనులో మనుషులు ఉంటే అడగకుండా వారి ఫోటో తీయవద్దు.

ముగింపు

చిన్న కెమెరాకు మెమరీ తక్కువ కనుక అన్నీ నేర్పలేం. ఏది నేర్పాలో ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక మన చేల సంగతి తెలియనివారి చేతిలో ఉంటే మన కూర కలుపవుతుంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదివే మనలో చాలామంది కైకిలుకు పోయే తల్లుల బిడ్డలం. మనకు గుణకారం, కూడిక వచ్చు. గునుగు కూడా తెలుసు. ఈ రెండూ తెలిసినవారు ఈ చదువులోకి తప్పక రావాలి. పదో తరగతి, ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు లెక్కల పుస్తకంలో మాత్రికలు వచ్చినప్పుడు భయపడి పేజీ తిప్పేయవద్దు. ఉద్యోగాలలో ఉన్న పూర్వ విద్యార్థులు హాస్టలుకు ఒక కెమెరా బోర్డు, ఒక పాత కంప్యూటరు ఇచ్చినా ఈ పాఠం ప్రయోగంగా మారుతుంది. వచ్చే బతుకమ్మ నాటికి గునుగును గునుగు అని చెప్పే కెమెరా మన హాస్టల్లోనే తయారు కావాలని కోరుకుంటున్నాము.